సోంపు వాసన

రేపటి బండికి నిప్పు ఇవాళే పెట్టాలి.
తొందరపడితే ఇనుము ఊరుకోదు,
లోపలెక్కడో ఒక మేకు పుటుక్కుమంటుంది.
అందుకే రాత్రి రెండింటికి
షెడ్డు గొళ్ళెం చప్పుడవుతుంది.
ఎల్విన్ ప్యూ వచ్చాడన్నమాట.
ఎనభై ఒకటి. జేబులో నూనెగుడ్డ, చంకలో చితుకులు.
గాజుగొట్టంలో ఎసరు ఎంతుందో
వేలితో తడిమి చూసుకున్నాకే
అగ్గిపుల్ల గీస్తాడు.

కెస్ట్రెల్‌ని దేశమంతా ఎరుగు.
బిస్కెట్ డబ్బాల మీద ఉంది, పిల్లల దుప్పట్ల మీద ఉంది.
నా బల్ల మీద మాత్రం అది ఉత్త కాగితాలు:
బాయిలర్ సర్టిఫికెట్టు, ఇంకా పదహారు నెలలు.
బీమా.
దారిలో ప్రతి వంతెన ఎత్తు, అంగుళాల్లో.
పట్టాల మీదికొచ్చి ఫొటో తీసుకున్న పెద్దమనిషికి
మూడో హెచ్చరిక.

మా వేల్స్ లోయలన్నీ ఒకప్పుడు బొగ్గే.
ఇప్పుడు కొలంబియా నుంచి ఓడెక్కి వస్తుంది,
వచ్చి చిట్టెం కడుతుంది.
సియోనెడ్ తిట్టుకుంటూ చువ్వతో పొడుస్తుంది.
వారమంతా మందుల షాపులో మాత్రలు లెక్కపెట్టే పిల్ల,
శనివారం నాలుగు టన్నులు పారతో ఎత్తుతుంది.

నీళ్ళ స్తంభాలు ఎప్పుడో పీకేశారు.
నిప్పులార్పే వాళ్ళే గొట్టం పట్టుకొచ్చి
నిప్పు కడుపులో ఉన్నదానికి నీళ్ళు పడతారు.
రైలు చివర ఒక డీజిలు, రూలు ప్రకారం,
ఫొటోల్లో పడకుండా.
చేతికర్ర గౌను మడతల్లో దాచుకున్న ముసలి రాణి మాది.

రెండేళ్ళ కిందట ఎల్విన్‌కి ఉత్తరం రాసింది నేనే.
దీపాల చుట్టూ మంచు కమ్ముతోందట అతని కళ్ళకి.
ఇకమీదట ఇంజన్ ఎక్కకూడదు.
మూడుసార్లు చింపాను.
నాలుగోది చేతికిస్తే అక్కడే నిలబడి చదివి,
మడిచి,
"నిప్పు పెట్టడానికి కళ్ళెంత కావాలి?" అన్నాడు.
అంతే.

ఆగస్టులో, హెరెఫర్డ్‌లో, నీళ్ళకి పదకొండు నిమిషాలు.
ఎల్విన్ మొదటి పెట్టె దిగి
చక్రాల పక్కనే నడిచి
మధ్య చక్రం దగ్గర ఆగిపోయాడు.
"సోంపు."

లోపలి బేరింగులో చిన్న గొట్టం ఉంటుంది,
సోంపు నూనె నింపి, మైనం మూతేసి.
చెయ్యి దూరదు, చూపు దూరదు,
వేడి మితిమీరితే మైనం కరిగి వాసన చెబుతుంది.
డ్రైవర్ హెడ్లీ వంగి పీల్చాడు: నూనె, పొగ.
సియోనెడ్ పీల్చింది: పొగ.
నాకు నా చెమట తప్ప ఏమీ తెలియలేదు.
"చిన్నప్పుడు పెన్నీకి ఇరవై బిళ్ళలు," అన్నాడు ఎల్విన్,
"ఈ వాసన నాకు తెలీదా?"

నాలుగు వందల టికెట్లు.
ముందున్న ప్రతి వంతెన మీదా భుజాల మీద పిల్లలు.
నా చేతిలో ఫోన్. ఆరు నిమిషాలు.
తగిలింపు విప్పించేశాను.

డీజిలు రైలుని లాక్కుపోయింది.
వంతెనల మీద కెమెరాలు దిగిపోయి ఉంటాయి. నేను చూడలేదు.
పక్క లైన్లో నిప్పు చల్లారేదాకా
ఎల్విన్ పెట్టె మీద కూర్చునే ఉన్నాడు.
టీ పట్టుకెళ్ళాను. ఏమీ మాట్లాడుకోలేదు.

షెడ్డుకి లాక్కొచ్చి విప్పితే
తెల్లలోహం అంచు
గోరంత కరిగి ఉంది.

ఫారం నింపాలి: ఎవరు కనిపెట్టారు, దేనితో?
కళ్ళకి ఒక గడి ఉంది, చెవులకి ఒకటి,
పరికరాలకి తొమ్మిది.
ముక్కుకి లేదు.
పక్కన ఖాళీలో రాసి పంపాను.

గురువారం బీమా ఆఫీసు నుంచి ఫోను:
"ఆ చివర రాసిన మాట అర్థం కావడం లేదండీ,
ఏ పరికరమది?"
ఒక్కో అక్షరం విడదీసి
ఆయన పేరు చెప్పాను.